నాలుగో ఆదివారం: 2018 హర్లింగ్ సీజన్‌లో ఖాళీ వారం ఎవరికి కలిసొచ్చింది

హర్లింగ్ అంటే ఐర్లండ్‌లో కర్రతో, చిన్న బంతితో ఆడే ఆట. దాంట్లో కౌంటీ జట్ల మధ్య జరిగే 2018 ఆల్ ఐర్లండ్ సీనియర్ పోటీ అనగానే ఎవరికైనా లిమరిక్ 45 ఏళ్ల ఎదురుచూపే గుర్తొస్తుంది. 1973 తర్వాత ఆ కౌంటీ మళ్లీ, ఈ పోటీ విజేతకిచ్చే లియమ్ మెకార్తీ కప్పు ఎత్తింది ఆ ఆగస్టులోనే. అది నిజమే. కానీ ఆ ఏటి పాయింట్ల పట్టిక పక్కన తేదీల పట్టిక పెట్టి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. టిప్పరరీ, వాటర్‌ఫర్డ్, ఆఫలీ, వెక్స్‌ఫర్డ్ జట్లకు నాలుగు మ్యాచ్‌లూ వరసగా నాలుగు వారాంతాల్లో పడ్డాయి. వాటిలో ఒక్కటి కూడా తన నాలుగో మ్యాచ్ గెలవలేదు. మూడు జట్లయితే గ్రూపు దశలోనే ఇంటిదారి పట్టాయి.

ఇది వట్టి యాదృచ్ఛికమా, లేక ఆటల క్యాలెండర్‌లోనే లోపముందా? తేల్చాలంటే ముందు ఆట లెక్క కొంచెం తెలియాలి.

హర్లింగ్‌లో జట్టుకు 15 మంది. కౌంటీ స్థాయి సీనియర్ మ్యాచ్ 70 నిమిషాలు, 35 చొప్పున రెండు భాగాలు. మైదానం పొడవు 130 నుంచి 145 మీటర్లు, వెడల్పు 80 నుంచి 90. అంటే అంతర్జాతీయ ఫుట్‌బాల్ మైదానం కన్నా పాతిక నుంచి నలభై మీటర్లు ఎక్కువ పొడవు. బంతిని స్లిటర్ అంటారు. బరువు 110 నుంచి 120 గ్రాములు, క్రికెట్ బంతిలో దాదాపు మూడొంతులే. అందుకే చేతిలో సత్తువున్న ఆటగాడు 90 మీటర్ల నుంచి కూడా స్తంభాల మధ్యకు కొట్టగలడు. కర్ర పేరు హర్లీ. యాష్ చెట్టు మొదట్లో, కాండం వేరువైపు వంగే చోట కోసిన చెక్కతో చేస్తారు. ఆ వంపులో చెక్క పీచు కూడా వంగి ఉంటుంది కాబట్టి కర్ర వెడల్పు కొస తొందరగా చీలదు. అయినా మ్యాచ్‌లో కర్రలు విరుగుతూనే ఉంటాయి. అందుకే గీత బయట ప్రతివాడికీ అదనపు కర్రలు సిద్ధంగా ఉంచుతారు.

గోల్ స్తంభాలు ఇంగ్లిషు అక్షరం హెచ్ ఆకారంలో ఉంటాయి. బంతి అడ్డకర్ర కింద వలలో పడితే గోల్, దాని విలువ 3. అడ్డకర్ర మీదుగా స్తంభాల మధ్య నుంచి పోతే 1 పాయింట్. స్కోరులో గోల్స్, పాయింట్లు విడివిడిగా రాస్తారు. 3-16 అంటే మూడు గోల్స్, పదహారు పాయింట్లు, మొత్తం 25. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. 2018లో తూర్పు ప్రాంతమైన లెన్‌స్టర్ ఫైనల్ సమమై మళ్లీ ఆడిన మ్యాచ్‌లో, అంటే రీప్లేలో, గాల్వే 1-28, కిల్కెన్నీ 3-15. గోల్స్ చూస్తే కిల్కెన్నీ గెలిచినట్టుంటుంది. కూడితే 31కి 24, అంటే గాల్వే 7 తేడాతో గెలిచింది. దూరం నుంచి పాయింట్లు కొట్టడం తేలికైన ఈ కాలంలో వలల కోసం ఎదురుచూసే జట్టు కన్నా వచ్చిన ప్రతి బంతినీ పైనుంచి పంపే జట్టుదే పైచేయి.

ఇక పోటీ తీరు. 2017 వరకు మన్‌స్టర్, లెన్‌స్టర్ ప్రాంతీయ పోటీలు ప్రధానంగా ఓడితే అవుట్ పద్ధతిలో జరిగేవి. ఓడిన జట్టుకు క్వాలిఫయర్ల రూపంలో వెనక తలుపు ఉండేది. పెద్ద జట్టు కూడా ఏడాదికి రెండు మూడు మ్యాచ్‌లతో సరిపెట్టుకునేది. ఈ ఆటను నడిపే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ 2017 సెప్టెంబరులో ప్రత్యేక సమావేశం పెట్టి దీన్ని మార్చింది. మన్‌స్టర్‌లో కార్క్, క్లేర్, లిమరిక్, టిప్పరరీ, వాటర్‌ఫర్డ్. లెన్‌స్టర్‌లో గాల్వే, కిల్కెన్నీ, వెక్స్‌ఫర్డ్, డబ్లిన్, ఆఫలీ. ప్రతి జట్టూ తన గ్రూపులో మిగిలిన నాలుగింటితో ఒక్కోసారి ఆడాలి. మొదటి రెండు జట్లకు ప్రాంతీయ ఫైనల్. మూడో జట్టుకు ప్రిలిమినరీ క్వార్టర్ ఫైనల్, అది రెండో అంచె పోటీ అయిన జో మెక్‌డొనా కప్పు ఫైనలిస్టుతో. నాలుగు, ఐదు స్థానాలకు ఏమీ లేదు. వెనక తలుపుకు గడియ పడింది.

ఈ మార్పు ప్రేక్షకులకు పండగ. మేలో మొదలై జూన్ మధ్య దాకా ప్రతి ఆదివారం చావోరేవో మ్యాచే. చిక్కంతా ఆటగాళ్లకు. ఐదు జట్లు బేసి సంఖ్య కాబట్టి ఏ వారమైనా నాలుగే ఆడతాయి, ఒకటి ఖాళీగా ఉంటుంది. ఐదు వారాలు, ఐదు జట్లు, జట్టుకో ఖాళీ. ఖాళీ మొదటి వారం వచ్చిన జట్టు రెండో వారం నుంచి ఐదో వారం దాకా వరసగా ఆడాలి. చివరి వారం వచ్చిన జట్టు ఒకటి నుంచి నాలుగు దాకా వరసగా ఆడాలి. మధ్యలో వచ్చినవాళ్లకు మాత్రమే ఊపిరి పీల్చుకునే చోటు దొరుకుతుంది. విరామం లేకుండా ఐదు వారాల్లో ముగిస్తే ఏ గ్రూపులోనైనా రెండు జట్లు ఇలా ఇరుక్కోక తప్పదు. ఎంత తెలివిగా జత కలిపినా ఇది మారదు, లెక్కే అలాంటిది.

2018లో మన్‌స్టర్‌లో మొదటి వారం ఖాళీ వాటర్‌ఫర్డ్‌కు, చివరి వారం ఖాళీ టిప్పరరీకి వచ్చాయి. లెన్‌స్టర్‌లో మొదటిది వెక్స్‌ఫర్డ్‌కు, చివరిది ఆఫలీకి. గెలుపుకు 2, సమానికి 1 చొప్పున జూన్ 17కి మన్‌స్టర్ పట్టిక ఇలా తేలింది: కార్క్ 6, క్లేర్ 6, లిమరిక్ 5, టిప్పరరీ 2, వాటర్‌ఫర్డ్ 1. ఖాళీ మధ్యలో దొరికిన మూడు జట్లు పైన, దొరకని రెండు కింద. లెన్‌స్టర్‌లో వెక్స్‌ఫర్డ్ మూడో స్థానంతో చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు బయటపడింది. ఆఫలీ నాలుగూ ఓడి జో మెక్‌డొనా కప్పుకు దిగిపోయింది. దాని చోటు ఆ కప్పు గెలిచిన కార్లోకు దక్కింది.

నాలుగో వారం ఎందుకంత బరువు? వీళ్లు జీతం తీసుకునే ఆటగాళ్లు కారు. ఆదివారం 80,000 మంది ముందు ఆడినా సోమవారం పొద్దున బడికో ఆఫీసుకో పొలానికో వెళ్లాల్సిందే. ఇంత పరుగు, ఇన్ని భుజాల గుద్దులు తిన్న ఒంట్లో శక్తి నిల్వలు మళ్లీ నిండడానికి రెండు మూడు రోజులు కావాలి. కాబట్టి సోమ, మంగళవారాలు చల్లటి నీళ్లు, ఈత, మర్దన. బుధవారం తేలికపాటి పరుగు. గురువారం ఒక్కటే నిజమైన సాధన. శుక్రవారం నుంచి మళ్లీ విశ్రాంతి. అంటే మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ మధ్య కోచ్ చేతికి దక్కేది ఒక్క సాయంత్రం. ఓడిపోయిన మ్యాచ్‌లో గోల్‌కీపర్ ఆట మళ్లీ మొదలుపెడుతూ కొట్టే బంతి, అంటే పక్-అవుట్, పదే పదే ఎదుటివాళ్ల చేతికి చిక్కిందనుకోండి, దాన్ని సరిదిద్దడానికి ఆ ఒక్క సాయంత్రమే ఉంది. ఇక తొడ వెనక కండరం స్వల్పంగా పట్టేసినా తగ్గడానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. ఖాళీ వారం ఉన్న జట్టుకు అది ఒక మ్యాచ్ నష్టం. లేని జట్టుకు రెండు, ఒక్కోసారి సీజనంతా.

వాటర్‌ఫర్డ్‌కు పులి మీద పుట్రలా ఇంకో కష్టం. వాళ్ల సొంత వాల్ష్ పార్క్ అప్పటికి ఈ మ్యాచ్‌లకు పనికిరాదన్నారు. దాంతో సొంతగడ్డ మ్యాచ్‌లని చెప్పుకోవాల్సిన రెండూ పరాయి ఊళ్లలోనే, ఒకటి లిమరిక్‌లో, ఒకటి థర్లెస్‌లో. నాలుగు వారాలు, నాలుగు ప్రయాణాలు. అంతకు ముందు ఏడాది ఆల్ ఐర్లండ్ ఫైనల్ ఆడిన జట్టుకు దక్కింది ఒక్క పాయింటు.

ఆ ఒక్క పాయింటు వచ్చిన మ్యాచ్ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. జూన్ 3న లిమరిక్‌లో టిప్పరరీతో ఆట. టిప్పరరీ ఆటగాడు జేసన్ ఫోర్డ్ కొట్టిన పొడవాటి ఫ్రీ (ఎదుటివాళ్ల తప్పుకు దక్కే ఉచిత దెబ్బ) గోల్ ముంగిట్లో పడింది. వాటర్‌ఫర్డ్ తరఫున ఆస్టిన్ గ్లీసన్ దాన్ని గీత దగ్గర చేత్తో పట్టి వెనక్కి పడ్డాడు. అంపైర్ గోల్ అని పచ్చజెండా ఎత్తాడు. టీవీలో చూస్తే బంతి గీత దాటినట్టు కనబడలేదు. హాక్-ఐ ఉంది కదా అని మనకు అనిపిస్తుంది. ఈ ఆటలో అప్పటికి దాని పని ఒక్కటే: పైనుంచి పోయిన బంతి స్తంభాల మధ్య నుంచి వెళ్లిందా లేదా చెప్పడం. గోల్ గీతతో దానికి సంబంధం లేదు. మ్యాచ్ 2-22, 1-25తో సమమైంది. రెండు వైపులా 28.

ఆ నిర్ణయం వల్ల వాటర్‌ఫర్డ్ ఇంటికెళ్లిందని చాలామంది అన్నారు. అంత సూటిగా లేదు గానీ, పట్టిక తిరగేస్తే పూర్తిగా తప్పూ కాదు. నాలుగో వారం అయ్యేసరికి లిమరిక్ 5, కార్క్ 4, క్లేర్ 4. వాటర్‌ఫర్డ్ చేతిలో 1. కార్క్‌ను ఓడించినా 3 దాటదు, కాబట్టి చివరి మ్యాచ్‌కు ముందే కథ ముగిసింది. అదే టిప్పరరీ మీద గెలిచి ఉంటే చేతిలో 2. కార్క్‌ను ఓడిస్తే 4, కార్క్‌కూ 4. అంటే వాటర్‌ఫర్డ్ నాలుగో ఆదివారం పరువు కోసం కాకుండా బతుకు కోసం ఆడేది. అలసిన కాళ్లకు ఆ తేడా చిన్నది కాదు.

టిప్పరరీ కథ వేరు. నాలుగు మ్యాచ్‌ల్లో రెండు ఓటములు, రెండు సమాలు. జూన్ 10న థర్లెస్‌లో, సొంత మైదానంలో, క్లేర్‌తో నాలుగో మ్యాచ్. ఆట చివరి దశలో కుర్రవాడు జేక్ మొరిస్ గోల్ మీదికి కొట్టిన బంతి స్తంభానికి తగిలి బయటికొచ్చింది. అదే బంతి మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తి క్లేర్ ఆటగాడు ఇయన్ గాల్విన్ కర్ర మీదికి, అక్కణ్నుంచి వలలోకి పోయింది. మూడు రావాల్సిన చోట మూడు పోయాయి. స్కోరు క్లేర్ 1-23, టిప్పరరీ 1-22. ఒక్క పాయింటు. స్తంభం అంగుళం పక్కనుంటే అని అనుకోవచ్చు. కానీ బంతి తిరిగొచ్చినప్పుడు వెనక్కి పరుగెత్తాల్సిన కాళ్లు ఎన్ని వారాలుగా ఆడుతున్నాయన్నదీ చూడాలి. క్లేర్‌కు ఆ మ్యాచ్‌కు ముందు వారమే ఖాళీ దొరికింది.

ఇప్పుడు విజేత సంగతి. లిమరిక్‌కు ఖాళీ రెండో వారంలో వచ్చింది. మే 20న టిప్పరరీని 1-23, 2-14తో ఓడించి రెండు వారాలు విశ్రాంతి తీసుకుంది. జూన్ 2న కార్క్‌లో మొదటి సగంలోనే ఆరన్ గిలేన్ ఎర్రకార్డుతో బయటికి వెళ్లినా 14 మందితో 0-28, 1-25తో సమం చేసింది. జూన్ 10న వాటర్‌ఫర్డ్‌ను ఓడించింది. వరసగా మూడో వారాంతం, జూన్ 17న ఎన్నిస్‌లో క్లేర్ చేతిలో 0-26, 0-15తో, ఏకంగా 11 తేడాతో చిత్తయింది. తర్వాత కప్పు గెలిచిన జట్టు ఇదేనా అనిపించే మ్యాచ్ అది. మూడో స్థానంతో ప్రాంతీయ ఫైనల్ చేజారింది. చివరికి అదే మేలైంది. మన్‌స్టర్ ఫైనల్ వారంలో వాళ్లు ఇంట్లో ఉన్నారు. జూలై 7న కార్లో మీద అలవోకగా గెలిచారు. జూలై 15న థర్లెస్‌లో కిల్కెన్నీ ఎదురైంది. కిల్కెన్నీ జూలై 1న గాల్వేతో 0-18, 0-18 సమం, జూలై 8న రీప్లే, జూలై 15న ఇది. మూడు ఆదివారాలు, మూడూ పెద్ద మ్యాచ్‌లే. లిమరిక్ 0-27, 1-22తో, రెండు పాయింట్లతో బయటపడింది.

తేదీలే కప్పు ఇస్తాయని చెబితే మాత్రం లిమరిక్‌కు అన్యాయం చేసినట్టే. తేదీలు ఇచ్చేది కాళ్లలో సత్తువ. దాన్ని వాడుకోవాలంటే బెంచీ మీద మనుషులుండాలి. జాన్ కైలీ శిక్షణలోని ఆ జట్టులో 2015, 2017ల్లో ఆల్ ఐర్లండ్ అండర్-21 కప్పులు గెలిచిన కుర్రాళ్లున్నారు. వింగ్ ఫార్వర్డ్‌లు గియరోడ్ హెగార్టీ, టామ్ మొరిసీ, మధ్యలో కైల్ హేస్, ముగ్గురూ ఆజానుబాహులు. తమ గోల్‌కీపర్ పక్-అవుట్ ఎక్కడ పడితే అక్కడ గాల్లోకి ఎగిరి అందుకోవడం, ఎదుటి జట్టు బంతి చేజిక్కించుకున్న మరుక్షణం వెనక్కి దిగి గుమిగూడడం, ఈ రెండూ వాళ్ల పనే. ఈ తరహా ఆట 50 నిమిషాలకే ఊపిరి తీసేస్తుంది. కాబట్టి చివరి ఇరవై నిమిషాలకు తాజా మనుషుల్ని దింపాలి. షేన్ డౌలింగ్ లాంటి గోల్ కొట్టే మనిషిని బెంచీ మీద కూర్చోబెట్టుకునే వెసులుబాటు ఆ ఏడాది మిగతా జట్లలో పెద్దగా కనబడలేదు.

జూలై 29 సెమీఫైనల్‌లో ఇది రుజువైంది. కార్క్ చివరి పది నిమిషాల్లో ఆరు పాయింట్లు ముందుంది. లిమరిక్ బెంచీ నుంచి వచ్చినవాళ్లు దాన్ని కరిగించారు. స్కోర్లు సమం. అప్పుడు కార్క్ కెప్టెన్ షేమస్ హార్నెడీ ఒంటరిగా గోల్ ముందుకొచ్చాడు. బంతిని కొట్టడానికి కర్ర ఎత్తాడు. గోల్‌కీపర్ నికీ క్వెయిడ్ నిలబడి ఆపే ప్రయత్నం చేయలేదు, ఎందుకంటే అంత దగ్గర నుంచి వచ్చే బంతిని ఆపడం కుదరదు. ముందుకు దూకి, చెయ్యంతా చాచి, కర్ర కొసతో బంతిని హార్నెడీ కర్ర కింద నుంచి తప్పించాడు. దెబ్బ పడకముందే బంతి లేదు. అదనపు సమయంలో డౌలింగ్ పెనాల్టీ, పాట్ ర్యాన్ గోల్. చివరికి 3-32, 2-31. రెండు వైపులా కలిపితే 78.

మరో సెమీఫైనల్ ఇంకా పొడుగు. జూలై 28న గాల్వే, క్లేర్ అదనపు సమయం తర్వాత కూడా 1-30, 1-30తో సమం. ఒక దశలో 9 వెనకబడిన క్లేర్, కోల్మ్ గాల్విన్‌ను తమ రక్షణ ముందుకు దించి గాల్వే దూకుడుకు అడ్డుకట్ట వేసింది. ఆగస్టు 5న థర్లెస్‌లో రీప్లే, గాల్వే 2-17, క్లేర్ 1-19. మళ్లీ ఒక్క పాయింటు. అప్పటికి గాల్వే ఎనిమిది మ్యాచ్‌లు ఆడింది. ఫైనల్ తొమ్మిదోది. మే 12 నుంచి ఆగస్టు 19 వరకు, 99 రోజుల్లో 9. లిమరిక్‌కు ఫైనల్ ఎనిమిదో మ్యాచ్. పైగా సెమీస్ తర్వాత లిమరిక్‌కు మూడు వారాలు దొరికితే గాల్వేకు రెండే.

ఆగస్టు 19, డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ మైదానం, 82,300 మంది. అప్పటిదాకా సెప్టెంబరు మొదటి ఆదివారం జరిగే అలవాటున్న ఫైనల్ ఆ ఏడాది ఆగస్టుకు వచ్చింది. గ్రేమ్ మల్కాహీ, టామ్ మొరిసీ గోల్స్‌తో లిమరిక్ ముందుంది. బెంచీ నుంచి వచ్చిన డౌలింగ్ చివర్లో మూడో గోల్ కొట్టేసరికి ఆధిక్యం ఎనిమిది. అలసిన జట్టు అక్కడితో చేతులెత్తేయాలి. గాల్వే ఎత్తలేదు. కానర్ వీలన్ ఒక గోల్, జో కానింగ్ ఫ్రీ మీద ఇంకో గోల్. ఎనిమిది నిమిషాల అదనపు ఆట. తేడా ఒకటికి దిగింది. ఆఖరి బంతి కానింగ్ సొంత సగంలోంచి కొట్టిన ఫ్రీ. ఆ దూరం అతనికి కొత్త కాదు. ఈసారి బంతి కొంచెం తక్కువైంది, గోల్ ముంగిట్లో పడింది. టామ్ కాండన్ దాన్ని పట్టుకుని బయటికొచ్చాడు. 3-16, 2-18. తొమ్మిదో మ్యాచ్ ఆడుతున్న చేతికి ఆ నాలుగైదు మీటర్లు ఎక్కడ పోయాయో ఎవరూ రుజువు చేయలేరు.

నాలుగు జట్లతో సిద్ధాంతం నిలబడదని వాదించేవాళ్లున్నారు. న్యాయమే. ఖాళీ వారం ఎప్పుడొచ్చినా ఆఫలీ కిందికి జారేదేమో. వెక్స్‌ఫర్డ్ నాలుగో మ్యాచ్‌లో కిల్కెన్నీ చేతిలో ఓడింది ఒక్క పాయింటుతోనే. కానీ పోటీ నిర్వాహకులకే అనుమానం వచ్చింది. 2019లో మన్‌స్టర్‌లో రెండో, మూడో వారాల మధ్య ఒక వారాంతం ఖాళీగా వదిలేశారు. దాంతో ఎవరికీ వరసగా నాలుగు పడలేదు. నాలుగోది దాకా నిలవలేకపోయిన టిప్పరరీ ఈసారి గ్రూపులో నాలుగూ గెలిచింది. ఆల్ ఐర్లండ్ కప్పు కూడా ఆ ఏడాది దానిదే.

లెన్‌స్టర్‌లో అదే ఏడాది ఇంకో వింత. వెక్స్‌ఫర్డ్, కిల్కెన్నీ, డబ్లిన్, గాల్వే, నాలుగు జట్లూ 5 పాయింట్ల దగ్గరే ఆగాయి. స్కోరు తేడా లెక్కేస్తే గాల్వే నాలుగోదై ఇంటికెళ్లింది. లిమరిక్ ముందటేడు గ్రూపు దాటింది అవే 5 పాయింట్లతో.